ఆకలి మీదున్న ఇనుము

"గేజి ముల్లు సున్నా మీద పడకుండ చూస్తె చాలక్కా. నువ్వేం ముట్టకు. ఎవర్నీ ముట్టనియ్యకు," బొలెరో ఎక్కుతూ శ్రేయ మళ్లీ చెప్పింది.

పొయ్యి మీద పాలు చూడమన్నట్టే ఉంది. ఆ పనిలో నాకు ఇరవై ఏళ్ల అనుభవం. చూస్తున్నంతసేపూ పాలు పొంగవు. తల తిప్పితేనే పొంగుతాయి. ఇనుము గుణమూ అదేనని ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

శ్రేయ నా తోడికోడలు, మా మరిది అనుదీప్ భార్య. కెమికల్ ఇంజినీరు. పెర్కిట్‌లో మా మామయ్యకున్న పసుపు షెడ్డులో సగం అడిగి తీసుకుని, రెండేళ్లుగా అందులో ఒక యంత్రం కడుతోంది. గింజలు ఒలిచాక మిగిలే మక్క బెండ్ల నుంచి డీజిల్ తీసే యంత్రం. బెండ్లను చాలీచాలని గాలిలో కాలిస్తే ఒక గ్యాసు వస్తుంది. దాన్ని కడిగి, ఒత్తిడి పెంచి, వేడి ఇనుము మీదుగా పంపాలి. ఆ ఇనుము గ్యాసులో ఉన్న కార్బన్‌ను ఒక్కొక్కటే పట్టుకుని మాల గుచ్చినట్టు గుచ్చుతుంది. పొట్టి మాలలైతే వంటగ్యాసు, నడిరకమైతే డీజిల్, మరీ పొడుగైతే మైనం.

నేను నిజామాబాద్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్లయ్యాక ఆ చదువు పెద్దగా అక్కరకు రాలేదు, చింతపండుతో ఇత్తడి బిందె తోముతున్నప్పుడు అందులో ఏం జరుగుతోందో తెలిసి మరీ తోమడానికి తప్ప. అందుకే శ్రేయ నన్ను షెడ్డుకు రమ్మంటే వంట ముగించుకుని ఆటో ఎక్కేదాన్ని. మా ఆయన ఆశిష్ పసుపు మార్కెట్ యార్డులో వేలంపాటల దగ్గర ఉంటాడు కాబట్టి, నేను ఇంట్లో లేనని ఆయనకు ఆకలేసినప్పుడే తెలుస్తుంది.

చిక్కంతా గడువుతో వచ్చింది. మా మామయ్య నారాయణదాస్ ఆర్మూర్‌లో పసుపు కమీషన్ ఏజెంటు. సంక్రాంతి వెళ్లగానే తేల్చేశారు.

"కొత్త పసుపు లారీ వచ్చేలోపట గ్లాసెడు డీజిల్ చూపెట్టు బిడ్డా. లేకుంటె షెడ్డు ఖాళీ చెయ్యాలె, గీ యేడు సగంల సరుకు పట్టది. పసుపుకు నీడ గావాలె గని గీ గొట్టాలకెందుకు నీడ?"

ఆ గొట్టాలు నేలలోకి పాతి, ఒకదానికొకటి వెల్డింగ్ చేసినవి. విప్పితే తుక్కు. శ్రేయ తలూపి లోపలికెళ్లి, ఆ రాత్రి అన్నం తినలేదు.

లారీ సోమవారం వస్తుందని అంచనా. ఇవాళ గురువారం. ఇనుమైతే సిద్ధంగానే ఉంది. ఎర్రటి గుళికలుగా వచ్చిన దాన్ని రియాక్టర్ అనే నిలువు గొట్టంలో పోసి, వేడి చేసి, హైడ్రోజన్ పంపి, అందులో ఉన్న ఆక్సిజన్నంతా లాగేశారు. ఎరుపు పోయి నలుపు వచ్చింది. తీరా చూస్తే కింది అతుకులో గ్యాస్కెట్ చెడింది. రియాక్టర్‌ను చల్లార్చి, ఉన్న గ్యాసంతా తోసేసి నైట్రోజన్ నింపారు. కొత్త గ్యాస్కెట్ కోసం, మరో రెండు నైట్రోజన్ సిలిండర్ల కోసం మొగుడూ పెళ్లాలిద్దరూ నిజామాబాద్ వెళ్లారు. ఇక్కడ మిగిలింది ఒక్కటే సిలిండరు. అది పై నుంచి సన్నగా వదులుతూ ఉంటే, విప్పిన కింది కొస నుంచి నైట్రోజన్ మెల్లగా బయటికి పోతూ ఉంటుంది. గాలి లోపలికి రాకుండా అదే కాపలా. ఆ కాపలాకు కాపలా నేను.

గాలి ఎందుకు రాకూడదంటే, ఆక్సిజన్ పోగొట్టుకున్న ఇనుము ఏకాదశి ఉపవాసం ఉన్న మనిషి లాంటిది. పక్కింట్లో పులిహోర తాలింపు వేస్తే చాలు. గాలి తగిలిందంటే ఎదురుచూస్తున్నట్టు మీద పడి లాక్కుంటుంది. ఆ లాక్కోవడంలో నిప్పులా కాలుతుంది. కాలిన ఇనుము మళ్లీ మాల గుచ్చదు.

నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముల్లు సున్నాకు కొంచెం పైన నిలకడగా ఉంది. పక్కన డబ్బా మీద ఎర్ర అంకెల్లో లోపలి వేడి కనబడుతోంది. యాభై ఎనిమిది. సిలిండర్ ఉస్సుమని సన్నగా పాడుతోంది.

మామయ్య వచ్చారు. తెల్ల ధోవతి, భుజాన కండువా, చేతిలో పసుపు బస్తాలు పొడిచే గొట్టం. మొన వాడిగా, నడుమ బోలుగా ఉండే ఆ ఇనుప గొట్టాన్ని బస్తాలో దించి తీస్తే నడుమనున్న సరుకు బయటికి వస్తుంది. పైన బంగారంలాంటి కాడి కొమ్ములు పేర్చి, లోపల పుచ్చు కొమ్ములు నింపే ఘనులు ఉంటారు. ఆయన్ను ఇంతవరకూ ఏ బస్తా మోసం చేయలేదు. అయితే యార్డులో దానికో మర్యాద ఉంది. సరుకు ఎవరిదో వాళ్లనడిగే పొడవాలి. అడక్కుండా పొడిచిన ఒక కుర్ర వ్యాపారిని మామయ్యే పదిమందిలో నిలబెట్టి, రైతుకు దండం పెట్టించారు.

"ఇంక డీజిల్ రాలె?"

"గ్యాసే పెట్టలేదు మామయ్యా. అతుకు బాగయ్యాక."

ఆయన రియాక్టర్ చుట్టూ తిరిగారు. బస్తా చుట్టూ తిరిగినట్టే, మెడ ఒకవైపు వాల్చి.

"గీ ఇనుం గోళీలు ఎవరిచ్చిండ్రు వీళ్లకు?"

"పుణె నుంచి వచ్చాయి."

"డబ్బాలకెళ్లి పొయ్యంగ నడుమ సరుకు ఎవరన్న చూసిండ్రా?"

"చూసే ఉంటారు."

"ఉంటరు! మీ సదువుకున్నోళ్లతోని గిదే లొల్లి. మీద మీద చూస్తరు. నడుమ చెత్త పోసి పంపిండేమో వాడు. గందుకే రాలేదేమో డీజిల్."

"మామయ్యా, అది ఇప్పుడు తెరవకూడదు."

"తెరుస్తనన్ననా?" అని కుర్చీ కోసం చూశారు. నేను లేచి ఇచ్చాను. కూర్చుని నుదురు తుడుచుకున్నారు. "జర ఛాయ్ పెట్టుకరాపో బిడ్డా. అల్లం మంచిగ దంచెయ్. బాగ మరగనియ్యి."

ముల్లు చూశాను. నిలకడగానే ఉంది. ఆవరణ చివర హమాలీల కోసం కట్టిన వంటగది ఉంది. వెళ్లి నీళ్లు పెట్టాను. అల్లం కడిగి రోట్లో వేసి రెండు దెబ్బలు వేశానో లేదో చెయ్యి ఆగిపోయింది.

ఎసిడిటీ అని డాక్టరు చెప్పినప్పటి నుంచీ మామయ్య ఛాయ్‌లో అల్లం ముట్టరు. పొరపాటున పడితే కప్పు పక్కకు నెట్టి, నా వైపు హత్యాప్రయత్నం కేసు పెట్టేవాడిలా చూస్తారు.

స్టవ్ ఆర్పానో లేదో గుర్తులేదు. పరుగెత్తాను.

షెడ్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన నిచ్చెన దిగి వెలుతురులోకి వస్తున్నారు. ఒక చేతిలో గొట్టం. గోడకుండాల్సిన పానా నిచ్చెన మెట్టు మీద ఉంది. రియాక్టర్ తల మీది మరమూత లేదు. 

"మామయ్యా! పారేయండి!"

"ఆగు, నేం జెప్పలే?" గొట్టాన్ని వంచి గుళికలు అరచేతిలో పోసుకున్నారు. ఏ సరుకైనా అరచేతిలో పోసుకుని వెలుతురుకు పెట్టి చూడటం ఆ చేతికి అలవాటు. "చూడు, నల్లగుంది. పోసింది ఎర్రది గద? నడుమ మొత్తం మసి గొట్టిన సరు—"

గుళికల అంచులు ఎర్రబడ్డాయి. ఒకదాన్నుంచి ఒకదానికి, దీపాలు ముట్టించినట్టు పాకింది. "అమ్మో!" అని ఆయన చెయ్యి విదిల్చారు. నిప్పులు ఖాళీ గోనెల గుట్ట మీద పడ్డాయి.

నేను అటు పరుగెత్తబోయి ఆగిపోయాను. ఏదో లోటుగా ఉంది. చప్పుడు. ఉస్సుమనే చప్పుడు లేదు.

"సిలిండర్?"

"బంద్ చేసిన. మూత తియ్యంగనే ఉస్సుమని లీకైతాంది. ఇంట్ల గ్యాస్ లీకైతె బంద్ చెయ్యరా?"

తప్పు పట్టడానికి లేదు. ఇంట్లో నేనే నేర్పాను.

డబ్బా మీద అంకె చూశాను. యాభై ఎనిమిది కాదు. నూట పది. చూస్తుండగానే నూట ఇరవై. పైన మూత లేదు, కింద కొస తెరిచి ఉంది. రియాక్టర్ కాస్తా పొగగొట్టమైంది. కింద నుంచి గాలి పీల్చుకుంటూ, శ్రేయ రెండేళ్ల కష్టాన్ని నడుమ నుంచి తింటోంది.

"గోనెలు బయటికి లాగండి! నీళ్లు కాదు, ఇసుక పోయండి! మూతేది?"

"నా జేబుల..."

ఆయన లాల్చీ జేబులోంచి మూత నేనే లాగాను. కోడలు మామగారి జేబులో చెయ్యి పెట్టడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి. చీర కుచ్చిళ్లు దోపి నిచ్చెన ఎక్కాను. రియాక్టర్ నోట్లోంచి వేడి సెగ మొహానికి కొట్టింది. కండువా విసరమంటే ఆయన విసిరారు. అది చేతికి చుట్టుకుని మూత పెట్టి తిప్పాను. మర పట్టలేదు. ఆయన గొట్టం దించి లాగినప్పుడు అంచు కాస్త దెబ్బతిన్నట్టుంది. పానాతో నొక్కి పట్టుకుంటే తప్ప నిలవడం లేదు.

"మామయ్యా, సిలిండర్ తిప్పండి! తెరవండి!"

ఎడమచేత్తో తిప్పారు. ఉస్సుమంది. ముల్లు లేచింది. నేను ఊపిరి వదిలేలోపు మళ్లీ వాలింది. మూత తెరిచి ఉన్నప్పుడే సగం పైగా గాల్లో కలిసిపోయింది. మిగిలింది అడుగూ బొడుగూ. అంకె నూట అరవై దాటింది.

ఒక చేత్తో పానా నొక్కిపట్టి, రెండో చేత్తో శ్రేయకు ఫోన్ చేశాను.

"అక్కా, వాపసు వస్తుంటె అంకాపూర్ల ఆగిపోయినం. రోడ్డంత కార్లే. అందరు గీ ఊరి కోడికూరకు దిగిండ్రు. ఏమైంది?"

"వేడెక్కుతోంది శ్రేయా. నూట అరవై దాటింది. గాలి పోయింది లోపలికి."

అవతలి నుంచి ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. భయపడితే శ్రేయ నెమ్మదిస్తుంది.

"ఎటు దిక్కు నుంచి పోయింది? కింద అతుకు నుంచా, పై నుంచా? సరిగ్గ చెప్పక్కా. కింద నుంచైతె కింది వాల్వు ముట్టొద్దు, ఉన్న నైట్రోజన్ తోని తోసుడే. పై నుంచైతె కింది వాల్వు బంద్ చేసి, దానికి ఊపిరాడకుండ చెయ్యాలె. ఒకటి బదులు ఇంకోటి చేస్తె మొత్తం పోతది."

నేను నిచ్చెన మీది నుంచి కిందికి చూశాను. మామయ్య పైకి చూస్తున్నారు. కాలిన చేతిని ఎదకు ఆనించుకుని, రెండో చేత్తో వద్దు వద్దని సైగ చేస్తున్నారు. ఆ చెయ్యి కుర్ర వ్యాపారిని పదిమందిలో నిలబెట్టిన చెయ్యే. పెదాలు కదిలాయి. చప్పుడు రాకపోయినా మాట తెలిసింది. ఇజ్జత్.

"అక్కా? పై నుంచా, కింద నుంచా?"

పై నుంచి అని నేను అనొచ్చు. మూత నేనే తీశానని కూడా అనొచ్చు. శ్రేయ నమ్మేది కాదు గాని ఊరుకునేది. కానీ లోపల ఎంత సరుకు కదిలిందో, ఎంత లోతు పొడిచారో, సిలిండర్ ఎంతసేపు కట్టేసి ఉందో నాకు తెలియదు. తెలిసిన మనిషి కింద నిలబడి ఉన్నాడు.

స్పీకర్ నొక్కాను.

"ఆగు శ్రేయా. మామయ్య మాట్లాడతారట," అని ఫోన్ కిందికి చాచాను.

ఇరవై ఏళ్లలో ఆయన నన్ను చాలా రకాలుగా చూశారు. ఆ చూపు మాత్రం కొత్త. ఫోన్ తీసుకున్నారు. అంకె నూట తొంభై.

"మామయ్యా?" ఫోన్లో శ్రేయ. "ఏమైందో జెప్పుండ్రి. జల్ది."

ఆయన గొంతు సవరించుకున్నారు. వేలంపాటలో షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించే గొంతు అది. ఇప్పుడు నిచ్చెన మీదున్న నాకే సరిగ్గా వినిపించలేదు.

"బిడ్డా... నేను పొడిచిన."

"ఏంది పొడిచిండ్రు?"

"మీద మూత తీసి సాంపిల్ తీసిన. నడుమ సరుకు సూద్దామని. నిన్ను అడగలె."

అవతల అనుదీప్ ఏదో అరిచాడు. "నువ్వు హారన్ కొట్టు, ఊకో," అంది శ్రేయ. తర్వాత, "ఎంత లోతుకు పోయింది గొట్టం?"

"మోచేతంత."

"సిలిండర్ బంద్ చేసిండ్రా?"

"చేసిన. లీకైతాందనుకున్న."

"ఎంతసేపు?"

"సాంపిల్ తీసి, నిచ్చెన దిగేదాంక."

"సరె. వినుండ్రి. కింద నీలం రంగు పట్టె ఉన్న వాల్వు. గడియారం ముల్లు తిరిగే దిక్కు తిప్పుండ్రి. పూరా బిగవట్టాలె. అక్కా, నువ్వు మూత వదలకు."

ఆ వాల్వు నేలకు జానెడు ఎత్తులో, గొట్టాల సందులో ఉంది. మామయ్య మోకాళ్ల మీద కూర్చున్నారు, తర్వాత పడుకున్నారు. తెల్ల ధోవతితో, ఆ మసి నేల మీద. ఎడమచెయ్యి అందడం లేదు. కుడిచెయ్యి పెట్టారు. కాలిన చెయ్యి. పళ్ల సందుల్లోంచి వచ్చిన శబ్దం నాకు వినబడింది.

"తిరుగుతలేదు."

"కోశిష్ చెయ్యుండ్రి మామయ్యా."

అంకె రెండొందల పది.  మూత కింద లోహం గోరువెచ్చన దాటి కండువాలోంచి కాలుస్తోంది. బయట, మామయ్య లాగి ఇసుక పోసిన గోనెలు పొగలు కక్కుతున్నాయి. రోడ్డు మీద ఎవరి ట్రాక్టరో నింపాదిగా పోతోంది.

కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది.

"బిగింది," అన్నారు మామయ్య. నేల మీదే ఉండిపోయారు.

"అక్కా, అంకె చదువు."

"రెండొందల పదహారు."

"ఇప్పుడు?"

"పదిహేడు."

"ఇప్పుడు?"

కన్ను ఆర్పకుండా చూశాను. చూస్తే పాలు పొంగవు మరి. పదిహేడు. పదిహేడు. పదిహేడే.

"పదిహేను," అన్నాను. 

"ఊపిరాడ్తలేదు దానికి. గట్లనే ఉంచుండ్రి. వస్తున్నం," అని శ్రేయ ఫోన్ పెట్టేసింది.

బొలెరో గేటులోకి వచ్చాక ఆమె మామయ్య వైపు చూడలేదు. ముందు కొత్త సిలిండర్ తగిలించింది, ముల్లు లేచి నిలిచేదాకా అక్కడే నిలబడింది, మూత అంచు రాకి సరిచేసి బిగించింది. అప్పటిగ్గానీ నన్ను నిచ్చెన దించలేదు. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. ఇంజినీరు కోడలు గనక మరమ్మతులు వరుస ప్రకారం జరిగాయి.

"జర పసుపు పెట్టు బిడ్డా, మంట తగ్గుతది," అన్నారాయన.

"నీళ్లు చాలు మామయ్యా. తర్వాత దవాఖానకు పోదాం."

పసుపు మీద అంతమంది బతుకుతున్న ఇంట్లో పసుపుకు కాదన్న మొదటి మనిషి ఆమే. ఆయన చెయ్యి నీళ్ల కిందే ఉంచారు.

డబ్బా ముందు చాలాసేపు కూర్చుంది శ్రేయ. అంకెలు దిగుతూ ఉన్నాయి.

"పైన మోచేతంత పోయినట్టే," అంది చివరికి, ఎవరికీ కాకుండా. "కింద బతికిందో లేదో మళ్లీ హైడ్రోజన్ పెట్టి, గ్యాస్ పెడితె గని తెల్వది. బతికే ఉంటదనుకుంటున్న. కాకపోతె వారం పైనే పడ్తది."

సోమవారం మాట ఎవరూ ఎత్తలేదు. అనుదీప్ కాలిన గోనెల మీద మళ్లీ ఇసుక పోశాడు, అవి ఆరిపోయి చాలాసేపైనా. శ్రేయ లేచి, గోడ వెంబడి వేసిన తీగలు ఒకటొకటే విప్పి చుట్టడం మొదలుపెట్టింది. గడువు ఇచ్చిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన్ను ఒక రోజు కూడా అడగదల్చుకోలేదు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. చెయ్యి బాగాలేదు కాబట్టి నేను ఎత్తి స్పీకర్లో పెట్టాను. భీమ్‌గల్ నుంచి హన్మయ్య. ప్రతి ఏడూ తొలి పసుపు తెచ్చే రైతు.

"సేటూ, ధర మంచిగుందంటున్నరు గద. సోమారం దాంక ఎందుకని ఇయ్యాల్నే లారీ ఎక్కిస్తున్న. రేపు పొద్దుగాల్నే మీ పెర్కిట్ షెడ్డుకాడ ఉంటది. జాగ చేసి పెట్టుండ్రి."

తీగ చుడుతున్న శ్రేయ చేతులు ఆగలేదు. కొంచెం వేగం పెరిగిందంతే.

మామయ్య షెడ్డు వైపు చూశారు. సగం ఆయనది, సగం ఆమెది. తర్వాత తన చేతి వైపు చూసుకున్నారు.

"జాగ లేదు హన్మయ్యా," అన్నారు. "షెడ్డుల సరుకుంది."

"ఎవరి సరుకు సేటూ? మీకాడ ఎప్పుడు ఖాళీనే ఉంటది గద గిప్పుడు?"

"మా చిన్న కోడలిది. లారీ భీమ్‌రావు గోదాంల దించు."

 మా ఊళ్లో పసుపు తెలిసిన ప్రతి మనిషికీ భీమ్‌రావు తెలుసు. యార్డులో మామయ్య ఎదురుగా కొట్టు పెట్టుకున్నవాడు. ఒకే కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ పన్నెండేళ్లుగా ఇద్దరూ మాట్లాడుకోరు.

"గాయిన గోదాంలనా? మీరు మీరు మాట్లాడుకోరు గద సేటూ?"

"ఇయ్యాల్టి సంది మాట్లాడుకుంటం."

శ్రేయ చుట్టిన తీగ అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది. కాసేపటికి తల వంచుకుని, దాన్ని మళ్లీ గోడ వెంబడి పరచడం మొదలుపెట్టింది.  మా ఇంట్లో క్షమాపణలు ఇలాగే ఖర్చవుతాయి.

"వసుమతీ," అన్నారు మామయ్య, నా వైపు తిరిగి. "భీమ్‌రావుకు కలుపు."

నంబరు నా దగ్గర ఉందని ఆయనకెలా తెలుసో నేను అడగలేదు. భీమ్‌రావు భార్య, నేను కాలేజీలో ఒకే బెంచీ. కలిపాను. ఫోన్ ఎత్తకపోతే బాగుండునని ఆయన మొహం చెబుతూనే ఉంది.

భీమ్‌రావు మొదటి రింగుకే ఎత్తాడు.